విస్తరిలో ఖాళీ ఉండకూడదన్న రాజుగారు

కుడిచెయ్యి కీబోర్డు మీద పెట్టి, మొహం గోదావరి వైపు తిప్పి చెబుతున్నాను. ఇక్కడ రాయబోయేదంతా నిజం. పేర్లు మార్చలేదు, ఊళ్ళు మార్చలేదు, ఉప్పూకారం చల్లలేదు. దేవీచౌక్ నుంచి పుష్కరఘాట్ దాకా నా గురించి ఎవర్నడిగినా "ఆయనా, నోరు తెరిస్తే కోతలేనండి" అంటారు. కాదనను. కానీ నోటితో చెప్పేది వినోదం, రాసేది ప్రమాణం. ఒకవేళ ఎక్కడైనా ఒక ముక్క అటూఇటూ అయితే చివర్లో నేనే ఒప్పేసుకుంటాను. అంతదాకా నమ్మండి.

రాజమహేంద్రవరంలో కూర్చుని వెబ్ పేజీలు తయారుచేయడం నా వృత్తి. ఈమధ్యే మానేశాను. ఇప్పుడీ పనిలోకి వస్తున్న పిల్లలు ఫోన్లు చేసి "బాబాయ్ గారూ, ఏ టెంప్లేట్ నేర్చుకోమంటారు" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో చెప్పను. వచ్చిన హోదాలన్నీ కుర్చీ మారడం వరకే, జీతం మాత్రం కదిలేది కాదు.

అసలు గొడవేంటంటే

పెళ్ళిభోజనంలో బంతి వేసేటప్పుడు ముందు విస్తర్లు పరుస్తారు కదా. పచ్చడి ఎక్కడో, పప్పు ఎక్కడో, స్వీటు ఎక్కడో వడ్డించేవాడికి తెలుసు. ఆకు ఒకటే, కూర్చునే మనిషి మారతాడు. వెబ్ పేజీకి టెంప్లేట్ అలాంటిదే. పైన దుకాణం పేరు, కింద చిరునామా, మధ్యలో ఖాళీలు. ఆ ఖాళీల్లోకి సరుకు పేర్లు, మనుషుల పేర్లు వచ్చి పడతాయి. ఇది లేకపోతే ఒకే పేజీని వందసార్లు రాసుకుని చెయ్యి పడిపోతుంది. కాబట్టి టెంప్లేట్ వద్దనేవాడు ఎప్పుడూ పని చేసి ఎరగడు.

ఇక స్టాండర్డ్ అంటే, ఏ ఫోనులోని బ్రౌజరైనా చదవగలిగేలా ప్రపంచమంతా కలిసి ఒప్పుకున్న ట్యాగులు, అంటే ఇది పేరు, ఇది బొమ్మ అని చెప్పే గుర్తులు. అవి ఎవరి సొంతమూ కాదు. నియమాలు అందరికీ కనబడేలా రాసి ఉంటాయి. ఏ టెంప్లేట్ వాడినా చివరికి వండి వార్చేది ఆ ట్యాగులనే.

అలాంటప్పుడు కొట్టుకోవడం ఎందుకంటారా? ఎందుకంటే ప్రతి ప్రోగ్రామరూ తన విస్తరి తనే కుట్టుకుంటాడు. పక్కవాడి విస్తరి ఇంత ఎత్తు నుంచి చూసి ముక్కు విరుస్తాడు.

దానవాయిపేట మేడ మీద

ఆదివారం పొద్దున దానవాయిపేటలో ఒక టిఫిన్ హోటలు మేడ మీద మా సభ. చుట్టుపక్కల ఊళ్ళలో కోడ్ రాసేవాళ్ళందరూ వచ్చేవారు. పేరుకి విజ్ఞాన చర్చ. మీసాల్లాంటి బ్రాకెట్లు వాడే టెంప్లేట్ వాళ్ళంతా కిటికీ పక్కన, పర్సంటు గుర్తు వాళ్ళంతా చేతులు కడుక్కునే చోట. మధ్యలో ఎటూ తేల్చుకోలేని నాలాంటి వాళ్ళం. మాకు ఇరుపక్షాలూ పెసరట్టు పెట్టేవి.

చర్చ ఎంత వేడిగా సాగేదంటే, ఒకసారి చల్లారిపోయిన ఉప్మా ఆ టేబులు మీదే మళ్ళీ పొగలు కక్కింది. కళ్ళారా చూశాను. హోటలాయన పైకొచ్చి "గ్యాసు ఆదా అవుతోందండి, మీరు రోజూ రండి" అన్నాడు.

పిల్లలకి ఒక మాట. ఇలాంటి సభల్లో గెలిచేది మంచి టెంప్లేట్ కాదు, గట్టి గొంతు. అందుకని వెళ్ళండి, వినండి, తినండి. నిర్ణయం మాత్రం ఇంటికొచ్చి, మీ పేజీని ఒక పాత ఫోనులో తెరిచి చూసుకుని తీసుకోండి.

రాజుగారి మర్యాద

మా బాసు భూపతిరాజు గారు. భీమవరం వైపు మనిషి. అక్కడివాళ్ళ మర్యాద గురించి తెలియనివారు ఒకసారి భోజనానికి వెళ్ళి రండి. ఒకవేళ తిరిగి రాగలిగితే మిగతాది మాట్లాడుకుందాం. రాజుగారు ఆఫీసు ఊడ్చే అమ్మాయినీ "గారు" అనేవారు, కరెంటు బిల్లు కొట్టేవాణ్ణీ "గారు" అనేవారు. "బ్రౌజరు గారు ఏమంటున్నారండి" అని నన్నడిగేవారు. పేజీ తెరుచుకోకపోతే "వారికి ఇవాళ ఒంట్లో బాలేదేమోనండి" అనేవారు.

ఆయన సొంతంగా ఒక టెంప్లేట్ వ్యవస్థ రాశారు. పేరు విస్తరి. దాని గుండెలాంటి నియమం ఒక్కటే. ఆకులో ఖాళీ కనబడకూడదు. ఏ గడిలోనైనా సమాచారం రాకపోతే, మిగతా టెంప్లేట్లలాగ ఎర్రటి అక్షరాలతో తిట్టదు. అంతకుముందు వడ్డించిన పేజీలో అదే గడిలో ఏముందో చూసి, అది తెచ్చి ఇక్కడ పెట్టేస్తుంది.

"వచ్చినవాడి ఆకులో ఖాళీ ఉంటే మాకు తలవంపులు కదండీ" అనేవారు రాజుగారు.

దాంతో మా డెమోలు ఎప్పుడూ ఆగలేదు. కస్టమర్లు చూసి మురిసిపోయేవారు. ఒక కాలేజీ వాళ్ళు తమ ప్రిన్సిపాల్ గారి ఫోటో పంపడం మర్చిపోయారు. విస్తరి అంతకుముందు వడ్డించిన పాడిరైతుల పేజీలోంచి ఒక ముర్రా గేదెను తెచ్చి ఆయన పేరు పైన కూర్చోబెట్టింది. చాలా రోజులు ఎవరూ ఫిర్యాదు చేయలేదు. అడ్మిషన్లు కూడా పెరిగాయని విన్నాను.

"ఖాళీ కంటే గేదె నయం కదండీ" అన్నారు రాజుగారు.

నవ్వి ఊరుకున్నాం. నవ్వి ఊరుకోనిది ఒక్కతే.

నూకరత్నం

నూకరత్నం ఉప్పాడ అమ్మాయి. వాళ్ళది వేటకెళ్ళే కుటుంబం. మా ఆఫీసులోనే పనిచేసేది. నన్ను బాబాయ్ గారూ అని, మా ఆవిణ్ణి పిన్నిగారూ అని పిలిచేది. సభలో నోరు తెరిస్తే కిటికీ పక్కవాళ్ళూ, చేతులు కడుక్కునేవాళ్ళూ ఏకమైపోయేవారు, ఆ అమ్మాయికి ఎదురుగా.

"టెంప్లేట్ వద్దని నేను అనట్లేదండి" అనేది. "రాజుగారికి ఒక్కరికే తెలిసిన మర్యాద వద్దంటున్నాను. బ్రౌజరు కూడా మర్యాదగానే ఉంటుంది. మీరు ట్యాగు మూయడం మర్చిపోతే అదే సర్దుకుంటుంది. కాకపోతే ఎలా సర్దుకోవాలో స్టాండర్డులో రాసుంది. ఏ కంపెనీ బ్రౌజరైనా ఒకేలా సర్దుకుంటుంది. విస్తరి ఎలా సర్దుకుంటుందో ఎక్కడ రాసుందండి?"

"నా మనసులో ఉందండి రత్నంగారూ" అన్నారు రాజుగారు, చెయ్యి గుండె మీద వేసుకుని.

"మా ఊళ్ళో వల ఎవరు అల్లినా కన్ను ఒకటే కొలతండి. చిరిగితే పక్క పడవ వాళ్ళూ కుడతారు. మీకు రేపు జ్వరం వస్తే విస్తరిని ఎవరు కుడతారండి?"

సభ గొల్లుమంది. రాజుగారు ఆ అమ్మాయికి ఇంకో కాఫీ తెప్పించారు. ఓడిపోతున్నప్పుడు ఎదుటివాళ్ళకి కాఫీ తెప్పించడం ఆయనకి అలవాటు. ఆ రోజు రత్నం చాలా కాఫీలు తాగింది.

ఆత్రేయపురం పేజీ

ఆత్రేయపురంలో సత్యవతి గారని, పూతరేకులు చుట్టే ఆడవాళ్ళ బృందానికి పెద్ద. అంతకుముందు వాళ్ళు చుట్టిన రేకులు ఎవరెవరి పేర్లతోనో అమ్ముడుపోయేవి. మా చేత పేజీ చేయించుకున్నాక మొదటిసారి పెట్టె మీద వాళ్ళ పేరే పడింది. పెళ్ళిళ్ళకీ, ఫంక్షన్లకీ ఆర్డర్లు ఆ పేజీలోనే వచ్చేవి. దంపతుల పేర్లు ఫామ్‌లో రాస్తే, విస్తరి చక్కటి కార్డు తయారుచేసేది. దాన్ని అచ్చు వేయించి పెట్టె మూత మీద అంటించి పంపేవారు.

ఒకనాడు పొద్దున్నే సత్యవతి గారి ఫోను.

"ఏంటండీ ఇది. తునిలో షష్టిపూర్తి ఆర్డరు. మంగతాయారు గారని, ఆవిడే స్వయంగా ఫామ్ నింపారు. పెట్టెలు పందిట్లోకి వెళ్ళిపోయాయి. మూత మీద ఏముందో తెలుసా అండి?"

"ఏముందండి?"

"మంగతాయారు, హర్షవర్ధన్ దంపతుల షష్టిపూర్తి అని ఉంది. హర్షవర్ధన్ ఎవరండీ?"

చూశాం. హర్షవర్ధన్ అంతకుముందు వచ్చిన ఆర్డరులో పెళ్ళికొడుకు. మీసాలు ఇంకా సరిగ్గా రాని కుర్రాడు. మంగతాయారు గారు తన పేరు రాసి, భర్త పేరు దగ్గర ఏమీ రాయలేదు. భర్త పేరు పలకని తరం ఆవిడది. విస్తరి ఆ ఖాళీని చూసి తలవంపులనుకుని, ముందు ఆకులో ఉన్న హర్షవర్ధన్‌ని తెచ్చి ఆవిడ పక్కన వడ్డించేసింది.

"భోజనాలయ్యాక చుట్టాలు వెళ్ళేటప్పుడు పెట్టెలు చేతికిస్తారు. ఆలోపు సరిచెయ్యకపోతే ఈ పేజీ మూసేయండి" అన్నారు సత్యవతి గారు. "మళ్ళీ పాతవాళ్ళకే అమ్ముకుంటాం. ఎవరి పేరైనా పరవాలేదు గానీ, ఇలా ఒకరి భార్యని ఇంకొకరి పక్కన పెట్టడం మా వల్ల కాదు."

ఆవిడ కోపంలో ఎంత బాధ ఉందో రాజుగారికి అర్థమైంది. పెట్టె మీద వాళ్ళ పేరు నిలబడాలంటే తునిలో మధ్యాహ్నం భోజనాల్లోపు ఆ కార్డులు మారాలి.

ఏడుకొండలాయన

ముగ్గురం ప్రింటింగ్ షాపుకి పరిగెత్తాం. రాజుగారు మంగతాయారు గారికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టారు.

"నమస్కారమండి అమ్మగారూ. కార్డు మళ్ళీ వేస్తున్నాం. అయ్యగారి పేరు చెబుతారా అండి?"

"అయ్యో, ఆ పేరు నేనెలా చెబుతానండీ."

"పోనీ పిల్లలెవరికైనా ఫోనివ్వండి."

"అందరూ పందిట్లో ఉన్నారండి. నేను హారతి పళ్ళెం కోసం లోపలికొచ్చాను." గొంతు తగ్గించి, "ఏడు కొండల మీద ఉంటారు కదండీ. ఆయనే" అన్నారు.

"వెంకటేశ్వరరావు గారాండి?"

"ఆయనే గానీ, అది కాదు."

"శ్రీనివాసరావు గారు?"

"దగ్గరికొచ్చారు."

"గోవిందరావు గారు?"

"దూరం వెళ్ళిపోయారండి."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఫోనులో అది నాకెలా కనబడిందని అడక్కండి.

రత్నం ఉండబట్టలేక అడిగింది. "ఫామ్‌లో రాసేటప్పుడు నోటితో పని లేదు కదండీ, అక్కడైనా రాయాల్సింది."

"ఎలా రాస్తానమ్మా. ఒక్కో అక్షరం వేలితో నొక్కడమంటే ఆయన్ని ఆగి ఆగి పిలిచినట్టు కాదూ?" లోపల్నుంచి ఎవరో కేకేశారు. ఫోను పెట్టేశారు.

"శ్రీనివాసరావు అని వేసేద్దామండి" అన్నారు రాజుగారు. "దగ్గరికొచ్చామన్నారు కదా."

"దగ్గరికొచ్చిన పేరు పక్కింటాయనది కూడా అయ్యుండొచ్చండి" అంది రత్నం. "ఆవిడ పేరు వేసి, పక్కన గీత గీసి వదిలేద్దాం. ఖాళీని ఖాళీగా చూపిద్దాం."

రాజుగారి మొహం వాడిపోయింది. "ఖాళీ గీతా? షష్టిపూర్తి కార్డు మీదా? పిలిచి ఖాళీ ఆకు ముందు కూర్చోబెట్టినట్టు కదండీ."

"ఖాళీ ఆకైతే ఇంకా వడ్డించలేదని తెలుస్తుందండి. మీ విస్తరి ఏం చేస్తోంది? ముందు బంతిలో కూర్చుని లేచినవాడి ఆకులోంచి తీసి వీళ్ళకి పెడుతోంది. దాన్ని మీ ఊళ్ళో ఏమంటారు?"

షాపులో ప్రింటరు కూడా ఆగిపోయింది. ఇది కోత కాదు, కాగితం అయిపోయింది.

"ఎంగిలి" అన్నారు రాజుగారు, చాలా నెమ్మదిగా.

అక్కడున్న కుర్చీలో కూర్చుండిపోయారు. ఎన్నేళ్ళుగా ఎంతమందికి ఎంగిలి వడ్డించానా అని ఆయన లెక్కేసుకుంటున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. గేదె గుర్తొచ్చిందేమో, ఒకసారి కళ్ళు మూసుకున్నారు. ఆ తర్వాత లేచి ప్రింటింగ్ ఆయనతో అన్నారు. "గీత వేయండి. కొంచెం పొడుగ్గా వేయండి. పెద్ద పేరైనా పట్టాలి."

తుని పందిరి

రాజుగారి కారు ఆ రోజు హైవే మీద వెళ్ళిన తీరుకి, రాజానగరం దాటాక టోల్ గేటు తనంతట తనే లేచి నిలబడి దారిచ్చింది. అన్నవరం కొండ కనబడగానే ఆయన స్టీరింగు వదిలేసి దణ్ణం పెట్టి, గండం గట్టెక్కితే వ్రతం చేయిస్తానని మొక్కుకున్నారు. రత్నం స్టీరింగు పట్టుకుని, స్వామివారికి కూడా ఒక స్టాండర్డు ఉంటే బాగుండును, ఏ పనికి ఏ మొక్కో రాసి ఉండేది, అంది.

పందిట్లో వడ్డనలు సాగుతుండగా చేరాం. హర్షవర్ధన్‌ని పీకేసి గీత కార్డులు అంటించాం. ఆఖరి పెట్టె అయ్యేసరికి ఆఖరి బంతి మజ్జిగలో ఉంది.

మెడలో దండతో పీట మీద కూర్చున్న పెద్దమనిషి ఒక పెట్టె అందుకుని మూత చూశాడు. పక్కనున్న భార్య వైపు చూశాడు. ఆవిడ తల వంచుకుని అక్షింతల పళ్ళెం సర్దుకుంటోంది. ఆయన అంతా అర్థమైనవాడిలా నవ్వి "ఎవరి దగ్గరైనా పెన్నుందా" అన్నాడు.

గీత మీద తన పేరు తనే రాసుకున్నాడు. పెట్టె మొదటి చుట్టానికిచ్చాడు. రెండో చుట్టం "నాకూ రాసివ్వండి బావగారూ" అన్నాడు. అంతే, వరుస కట్టారు. భోజనం చేసినవాళ్ళు, చెయ్యి కడుక్కోనివాళ్ళు, ఏ సంబంధమూ లేకుండా వచ్చి తిన్నవాళ్ళు, అందరూ సంతకం కోసం నిలబడ్డారు. మంగతాయారు గారు పెట్టె అందిస్తారు, ఆయన పేరు రాస్తారు.

"అరవై ఏళ్ళకి మావాడికి ఇంత గిరాకీ వచ్చింది" అంది ఒక ముసలావిడ. "ఆ పెళ్ళప్పుడు ఒక్కడూ అడగలేదు."

రత్నం ఫోటో తీసి సత్యవతి గారికి పంపింది. కాసేపటికి జవాబొచ్చింది. "గీత బాగుందమ్మా. అన్ని కార్డుల మీదా అలాగే ఉంచండి. పేజీ మూయకండి."

ఆ తర్వాతి ఆదివారం

మేడ మీద రాజుగారు లేచి నిలబడ్డారు. ఆయన గొంతు ఎప్పుడూ గట్టిది కాదు. అయినా అందరూ చట్నీ గిన్నెలు కింద పెట్టారు.

"ఆత్రేయపురం పేజీని రత్నంగారు మామూలు ట్యాగుల్లో తిరిగి రాస్తున్నారండి" అన్నారు. "విస్తరి కోడంతా అందరికీ తెరిచేస్తున్నాను. నా మనసులో ఉన్న నియమాలు కాగితం మీద పెట్టాను. మొదటిది ఇదండి. ఖాళీ వస్తే దయచేసి ఖాళీగానే చూపించవలెను."

"దయచేసి తీసేయండి" అంది రత్నం.

"అదొక్కటి ఉండనివ్వండి రత్నంగారూ."

ఉండనిచ్చింది. ఆ రోజు కాఫీ రత్నం తెప్పించింది.

పిల్లలూ, నాకు ఈ వృత్తిలో తెలిసింది ఇంతే. టెంప్లేట్లు వాడండి, ప్రేమించండి, వాటి కోసం అరుచుకోండి. కానీ ముందు మామూలు ట్యాగులు నేర్చుకోండి. మీరు కట్టిన పేజీని మీరు లేనప్పుడు ఇంకొకరు విప్పి చూడగలరా అని అడుగుతూ ఉండండి. మర్యాద చేయండి. ఏం మర్యాద చేస్తారో అందరికీ కనబడేలా రాసి పెట్టండి. కస్టమరు చెప్పనిది మీరు చెప్పకండి. మా రాజుగారంత మంచి బాసు మీకు దొరకాలని కోరుకుంటున్నాను. ఓడిపోయాక కూడా అంత నిటారుగా నిలబడ్డ మనిషిని నేను చూడలేదు.

ఇక ఒప్పుకోవలసింది

ప్రమాణం చేశాను కాబట్టి చెప్పాలి. ఒక్క ముక్క కల్పించాను. నేను కారులో లేను. ప్రింటింగ్ షాపులోనూ లేను. ఆ రోజు నేను పీట మీద ఉన్నాను, మెడలో దండతో.

మంగతాయారు మా ఆవిడ. తుని ఆవిడ పుట్టిల్లు. మావాళ్ళు తయారుచేసిన పేజీలో మా ఆవిడే వెళ్ళి ఆర్డరు పెట్టింది, నాకు చెప్పకుండా.

కాబట్టి రాజుగారికీ రత్నానికీ నా పేరు తెలియకపోవడమన్నది ఉత్తిదే. అది ఆఫీసు తలుపు మీదే ఉండేది. ఏడుకొండల ముచ్చట జరిగిన మాటే, కాకపోతే గ్యాసు కనెక్షను రాయించేటప్పుడు, ఆ ఆఫీసు గుమాస్తాతో. నేను పక్కనే నిలబడి విన్నాను. ఎంగిలి మాట అక్షరాలా నిజం, రాజుగారే నాకు చెప్పారు. పేరు తెలిసి కూడా గీత ఎందుకు వేయించావని తర్వాత రత్నాన్ని అడిగాను.

"పిన్నిగారు ఖాళీ వదిలారు కదా బాబాయ్ గారూ" అంది. "ఆ ఖాళీ ఆవిడది. నింపడానికి మనమెవరం."

గేదె నిజం. ఉప్మా మీ ఇష్టం.

నా చేతిరాత నాకే అర్థం కాదు గనక, ఇదంతా మా ఆవిడే ఫోనులో టైపు చేసి పెట్టింది. చివరిదాకా చేసి, పైన రాసినవారి పేరు దగ్గర మాత్రం ఏమీ నొక్కకుండా వదిలేసింది. ఇప్పుడే చూశాను. అచ్చువేసేవారికి మనవి. దయచేసి ఆ ఖాళీని అలాగే ఉంచండి. పోనీలే పాపమని హర్షవర్ధన్ అని మాత్రం వేయకండి.